సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే ‘అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లండి’ అని చెప్పకండి: ప్రజా వెబ్‌సైట్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, కళాశాలల వెబ్‌సైట్లను నిర్వహిస్తున్న అధికారులకు, ఆ పనిని కాంట్రాక్టుకు తీసుకున్న సంస్థల బాధ్యులకు నమస్కారాలు.

నేను హనుమకొండలో, నయీంనగర్ ప్రాంతంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. కాకతీయ విశ్వవిద్యాలయం దగ్గర్లోనే ఉండడం వల్ల విద్యార్థులు ఎక్కువగా వస్తారు. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి బస్సు దిగి వచ్చే తల్లిదండ్రులు, ఉద్యోగార్థులు కూడా మా దగ్గరే దరఖాస్తులు నింపించుకుంటారు, ఫీజులు కడతారు, హాల్‌టికెట్లు తీసుకుంటారు. గడువు దగ్గరపడిన రోజుల్లో మా పనిని తరచుగా ఆపేసేది ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అనే ఎర్ర గుర్తు పేజీ. అది వచ్చినప్పుడు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, లేదా సైటులో పెట్టిన సూచనలు చదివితే, దొరికే జవాబు దాదాపు ఒకటే: ‘అడ్వాన్స్‌డ్ నొక్కండి, ప్రొసీడ్ నొక్కండి, సైట్ వచ్చేస్తుంది.’ ఈ జవాబును మీరు ఉపసంహరించుకోవాలని, ఆ పేజీ రావడానికి మీ వైపున ఉన్న కారణాలను సరిచేయాలని కోరడానికే ఈ లేఖ. ఏ ఒక్క కార్యాలయాన్నో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, ఈ అలవాటు చాలా చోట్ల ఉన్నది.

బ్రౌజర్ ఊరికే అడ్డుపడదు. సైటు తెరిచిన ప్రతిసారీ సర్వర్, అంటే ఆ సైటును నడిపే కంప్యూటర్, ఒక సర్టిఫికెట్ పంపుతుంది. ఆ సైటు ఫలానాదేనని ఒక సంస్థ సంతకం చేసి ఇచ్చిన డిజిటల్ గుర్తింపు పత్రం అది. బ్రౌజర్ దాన్ని తీసుకొని ప్రధానంగా మూడు విషయాలు చూస్తుంది: దాని గడువు ఇంకా ఉన్నదా, మనం టైపు చేసిన చిరునామా అందులో రాసి ఉన్నదా, దాన్ని జారీ చేసిన సంస్థ తాను నమ్మే జాబితాలో ఉన్నదా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, తాను మాట్లాడుతున్నది నిజంగా మీ సర్వర్‌తోనేనా, మధ్యలో మరెవరైనా కూర్చున్నారా అన్నది బ్రౌజర్ తేల్చుకోలేదు. అటువంటి స్థితిలో ప్రొసీడ్ నొక్కి ఆధార్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ టైపు చేయడమంటే, అవి ఎవరి చేతికి పోతున్నాయో తెలియకుండానే ఇచ్చేయడం. గడువు నిన్న తీరిన సర్టిఫికెట్ వల్ల వచ్చిన హెచ్చరికకూ, ఎవరో నిజంగా మధ్యలో చొరబడినందువల్ల వచ్చిన హెచ్చరికకూ తేడా కనిపెట్టడం సామాన్యుడి వల్ల కాదు, ఆ పేజీ రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ప్రభుత్వ సైటులోనే ‘పర్వాలేదు, నొక్కండి’ అని నేర్చుకున్న మనిషి రేపు నకిలీ బ్యాంకు పేజీ ముందు కూడా అదే నొక్కుతాడు. సైబర్ మోసాల గురించి గోడల మీద పోస్టర్లు అంటిస్తున్న వ్యవస్థే ఇంకో చేత్తో ఈ పాఠం నేర్పడం నాకు చాలా బాధ కలిగిస్తున్నది.

మా దగ్గరికి వచ్చేవాళ్లు సమస్యను చెప్పే తీరు వినండి. ‘అన్నా, మా తమ్మి ఫోన్ల అచ్చింది, ఈడ ఎందుకు అస్తలేదు?’ ఈ ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నది. ఎర్రర్ వచ్చినప్పుడు మేము మొదట చేసేది బ్రౌజర్ మార్చి చూడడం, తర్వాత మొబైల్ డేటా మీద ఒక ఫోన్‌లో చూడడం. అన్ని చోట్లా అదే ఎర్రర్ వస్తే తప్పు సర్వర్‌ది. ఒక్క కంప్యూటర్‌లోనే, అన్ని సైట్లకూ వస్తే తప్పు ఆ కంప్యూటర్‌ది. ఒక్క వైఫై మీదనే వస్తే ఆ వైఫైది. ఇక ఒకే సైటు, ఒక బ్రౌజర్‌లో తెరుచుకొని ఇంకో దాంట్లో తెరుచుకోకపోతే, చూసేవాళ్లు బ్రౌజర్‌ను తిడతారు గాని, నేను చూసినంతలో లోపం ఎక్కువసార్లు సర్వర్‌లోనే ఉంటుంది. దాని సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

దానికన్నా ముందు, వాడేవారి వైపు ఉండే కారణాలు. వీటిలో మొదటిది గడియారం. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ దృష్టిలో మీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. ఇలాంటప్పుడు క్రోమ్ ‘మీ గడియారం వెనకబడి ఉన్నది’ అని విడిగానే చెప్తుంది, ఫైర్‌ఫాక్స్ కూడా కంప్యూటర్ తేదీని చూపించి సరిచేసుకొమ్మంటుంది. తేదీ మార్చి, బ్యాటరీ కొత్తది వేస్తే పని అయిపోతుంది. రెండోది హాస్టళ్లలోనూ రైల్వే స్టేషన్లలోనూ ఉండే లాగిన్ అడిగే వైఫై. లాగిన్ కాకముందే సైటు తెరవబోతే ఆ వైఫై తన పేజీని మధ్యలో పెట్టే ప్రయత్నం చేస్తుంది, పేరు కలవక బ్రౌజర్ ఆపుతుంది. మూడోది కొన్ని యాంటీవైరస్‌లు. అవి సురక్షిత కనెక్షన్‌ను విప్పి చూడడానికి తమ సొంత సర్టిఫికెట్‌ను విండోస్‌లో చేరుస్తాయి. విండోస్ జాబితాను గౌరవించే బ్రౌజర్లు ఏమీ అనవు గాని, సెట్టింగును బట్టి ఫైర్‌ఫాక్స్ ఒక్కటే ‘జారీ చేసినవారు తెలియదు’ అని ఆగిపోవచ్చు.

పాత యంత్రాల సంగతి ఇంత తేలికైనది కాదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సాధారణ మద్దతు ఆపేసింది, దాని మీద నడిచే చివరి క్రోమ్ 109వ వెర్షన్. అయినా గ్రామాల్లోని సెంటర్లలో ఆ కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్‌లో 7.1.1కు ముందటి ఫోన్లలో, ఉచిత సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్, అంటే ఆ సంస్థను నమ్మడానికి ఆధారమైన దాని సొంత సర్టిఫికెట్, లేదు. అవి ఇంకొక పాత సంస్థ సంతకం ఆసరాతో కొంతకాలం గడిపాయి, ఆ ఆసరా 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. ఫైర్‌ఫాక్స్ తన నమ్మకపు జాబితాను తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి ఇలాంటి ఫోన్లకు ఆ బ్రౌజర్‌ను వాడమని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లే సలహా ఇచ్చారు. కొత్త ఫోన్ కొనలేని కుటుంబానికి ‘ప్రొసీడ్ నొక్కు’ అనడం కన్నా ఇటువంటి దారి చూపడం మేలు. మీ సర్టిఫికెట్ ఏ మూలం నుంచి వస్తున్నదో తెలిస్తేనే ఆ దారి చూపగలరు.

ఇక మీ వైపు కారణాలకు వస్తాను. గడువు తీరిపోవడం అందరికీ తెలిసిన తప్పు. కాని పునరుద్ధరించిన తర్వాత కూడా ఎర్రర్ కొనసాగే సందర్భాలు ఉంటాయి. కొత్త సర్టిఫికెట్ ఫైలు డిస్క్ మీదకు వచ్చి ఉంటుంది, కాని వెబ్ సర్వర్‌ను రీలోడ్ చేయకపోవడం వల్ల అది జ్ఞాపకంలో ఉన్న పాతదాన్నే పంపుతూ ఉంటుంది. లేదా లోడ్ పంచుకోవడానికి పెట్టిన సర్వర్లలో ఒకదానికి కొత్తది వేసి, ఇంకోదాన్ని మరిచిపోయి ఉంటారు. అప్పుడు అదే కంప్యూటర్‌లో ఒకసారి పేజీ వస్తుంది, రిఫ్రెష్ చేస్తే ఎర్రర్ వస్తుంది. దీన్ని హెల్ప్‌లైన్‌కు వివరించబోతే ‘మీ నెట్ సరిగా లేదు’ అంటారు.

పేరు కలవకపోవడం మరొకటి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఒకసారి, అది లేకుండా ఒకసారి జనం టైపు చేస్తారు, సర్టిఫికెట్‌లో రెండూ ఉండాలి. నక్షత్రం గుర్తుతో తీసుకునే సర్టిఫికెట్ ఒక్క మెట్టు ఉపడొమైన్లకే, అంటే అసలు చిరునామాకు ముందు చేర్చే ఒక్క పేరుకే, వర్తిస్తుంది. ‘రిజల్ట్స్’ అనే ఉపడొమైన్ కింద మళ్లీ ఒక సంవత్సరం పేరుతో ఇంకో ఉపడొమైన్ పెడితే అది దాని పరిధిలోకి రాదు. పాత పద్ధతిలో ‘కామన్ నేమ్’ అనే గడిలో మాత్రమే పేరు రాసిన సర్టిఫికెట్‌ను క్రోమ్ 2017లో వచ్చిన 58వ వెర్షన్ నుంచి ఒప్పుకోవడం లేదు, ప్రత్యామ్నాయ పేర్ల గడిలోనూ ఆ పేరు ఉండి తీరాలి. ఆఫీసులో ఎవరో సొంతంగా తయారుచేసిన సర్టిఫికెట్లలో ఈ లోపం ఇంకా కనిపిస్తుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువగా మీ దృష్టికి తేవాలనుకుంటున్నది గొలుసు తెగిన సర్టిఫికెట్ గురించి. మీ సైటు సర్టిఫికెట్ మీద మూల సంస్థ నేరుగా సంతకం చేయదు. మూల సంస్థ ఒక మధ్య సర్టిఫికెట్‌కు సంతకం చేస్తుంది, ఆ మధ్యది మీ దానికి చేస్తుంది. బ్రౌజర్ దగ్గర ఉండే జాబితాలో మూలం మాత్రమే ఉంటుంది, మధ్యదాన్ని మీ సర్వరే మీ సర్టిఫికెట్‌తో పాటు పంపాలి. గెజిటెడ్ అధికారి అటెస్ట్ చేసిన జిరాక్స్ మీద సంతకం ఉండి, పేరూ హోదా తెలిపే రబ్బరు స్టాంపు లేకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఆ సంతకాన్ని గుర్తుపట్టే గుమాస్తా తీసుకుంటాడు, గుర్తుపట్టని గుమాస్తా తిప్పి పంపుతాడు, ఇద్దరి తప్పూ లేదు. క్రోమ్, ఎడ్జ్, సఫారి సాధారణంగా సర్టిఫికెట్‌లో రాసి ఉన్న చిరునామాకు వెళ్లి, లేని మధ్యదాన్ని తామే తెచ్చుకుంటాయి. ఫైర్‌ఫాక్స్ అలా వెళ్లదు. ఇంతకుముందు వేరే సైటులో అదే మధ్య సర్టిఫికెట్‌ను చూసి ఉంటే, లేదా ముందుగానే దింపుకొనే జాబితాలో అది వచ్చి ఉంటేనే తెరుస్తుంది. అందుకే ఒక ఫైర్‌ఫాక్స్‌లో వచ్చిన సైటు, పక్క కంప్యూటర్‌లో కొత్తగా వేసిన ఫైర్‌ఫాక్స్‌లో రాకపోవచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా సాధారణంగా తెచ్చుకోవు, కాబట్టి అదే సర్వర్‌తో పనిచేసే మీ యాప్ ‘కనెక్ట్ కావడం లేదు’ అని మాత్రమే అంటుంది, కారణం చెప్పదు.

దీనివల్ల జరిగేదేమిటంటే, ఫిర్యాదు అందిన అధికారి తన టేబుల్ మీది కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి చూస్తారు, సైటు చక్కగా వస్తుంది. ‘మా వైపు అంతా బాగానే ఉన్నది’ అని జవాబు రాస్తారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కాని ఇవతల ఒక విద్యార్థిని స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి రోజున మా సెంటర్‌లో ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి మారుతూ ఉంటుంది.

దీన్ని సరిచేయడం చాలా చిన్న పని. సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు సంస్థ ఇచ్చే ఫైళ్లలో మీ ఒక్క సర్టిఫికెట్ ఉన్న ఫైలు ఒకటి, మధ్యవాటితో కలిపి ఉన్న ఫైలు ఒకటి ఉంటాయి. సర్టిఫికెట్లను తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఆ రెండో ఫైలు ‘ఫుల్‌చైన్’ అనే పేరుతోనే వస్తుంది. ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులో మొదటి ఫైలు బదులు రెండోదాని పేరు రాసి రీలోడ్ చేస్తే చాలు. అపాచీలోనైనా, ఐఐఎస్‌లోనైనా దీనికి సమానమైన పద్ధతి ఉన్నది. చేసిన తర్వాత మీ బ్రౌజర్‌ను నమ్మకుండా, క్వాలిస్ అనే కంపెనీ వారి ఎస్‌ఎస్‌ఎల్ ల్యాబ్స్ ఆన్‌లైన్ పరీక్షలో మీ చిరునామా వేసి చూడండి. అది ఉచితం. గొలుసు అసంపూర్ణంగా ఉంటే స్పష్టంగా రాస్తుంది, పాత ఆండ్రాయిడ్, పాత విండోస్ వంటివాటితో సురక్షిత కనెక్షన్ కుదురుతుందో లేదో వరుసగా చూపిస్తుంది.

సర్టిఫికెట్‌ను ఎవరి దగ్గర తీసుకుంటున్నారన్నది కూడా ముఖ్యమే. మైక్రోసాఫ్ట్, ఆపిల్, గూగుల్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా నాలుగింటికీ వేర్వేరు నమ్మకపు జాబితాలు ఉన్నాయి. క్రోమ్ ఒకప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ జాబితాను వాడేది, 2022 నుంచి క్రమంగా తన సొంత జాబితాకు మారింది. మన దేశంలో 2014 జులైలో జరిగినది మీకు గుర్తుండే ఉంటుంది. డిజిటల్ సర్టిఫికెట్ సంస్థలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ అధికారి ‘కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్’ కింద ఉన్న, ప్రభుత్వ కంప్యూటర్ సేవలు చూసే ఎన్ఐసీ సంస్థ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరుతో అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్లు బయటపడింది. ఆ తర్వాత ఎన్ఐసీ మధ్య సర్టిఫికెట్లను రద్దు చేశారు, క్రోమ్ ఆ కంట్రోలర్ మూల సర్టిఫికెట్‌ను కొన్ని భారతీయ డొమైన్లకు పరిమితం చేసింది. ఫైర్‌ఫాక్స్ జాబితాలో ఆ మూలమే లేదు కాబట్టి ఆ బ్రౌజర్ వాడేవారికి ఆ ప్రమాదం తగలలేదు. టెండర్లకూ రిటర్నులకూ వాడే డిజిటల్ సంతకానికి ఒక సంస్థ చట్టబద్ధమైనది అయినంత మాత్రాన, అది ఇచ్చిన సర్టిఫికెట్‌ను ప్రజల బ్రౌజర్లన్నీ ఒప్పుకుంటాయని అనుకోరాదు. కొనే ముందు నాలుగు జాబితాల్లోనూ ఆ మూలం ఉన్నదా అని అడగండి. ఉన్నవాటిని కూడా తీసేయవచ్చు: సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థల్లో సిమాంటెక్ సర్టిఫికెట్లను 2018లోనూ, ఎంట్రస్ట్ కొత్తగా జారీ చేసేవాటిని 2024 నవంబర్ నుంచీ క్రోమ్ నమ్మడం మానేసింది.

కాలం కూడా మీకు అనుకూలంగా లేదు. 2020 సెప్టెంబర్ నుంచి సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజులుగా ఉండేది. సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి ఉన్న వేదిక 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం, 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యేవాటికి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు మాత్రమే. ఏడాదికోసారి ఫైలు నడిపి, సంతకాలు చేయించి, కాంట్రాక్టరుకు ఫోన్ చేసి సర్టిఫికెట్ మార్పించే పద్ధతి దీనికి తట్టుకోదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా గడువు దగ్గరపడుతున్నదని పంపే ఈమెయిళ్లను 2025 జూన్‌లో ఆపేసింది. పునరుద్ధరణ దానంతట అదే జరగాలి, జరిగిన వెంటనే సర్వర్ రీలోడ్ కావాలి. బయటి నుంచి రోజూ గడువును చూసి, ఇంకా రెండు వారాలు ఉన్నదనగానే బాధ్యుడైన ఉద్యోగికి కబురు చేరే ఏర్పాటు ఉండాలి. ఆ ఉద్యోగి ఎవరన్నది కాంట్రాక్టులో రాసి ఉండాలి, ఆయన బదిలీ అయినప్పుడు ఆ బాధ్యత చార్జ్ లిస్టులో చేరాలి.

సైటులోని సూచనల పేజీని కూడా తిరగరాయండి. ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరవండి’ అనే వాక్యం ఇంకా ఉంటే తీసేయండి, మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే విండోస్ 10 మీద దాన్ని విరమించింది. ‘ఆకుపచ్చ తాళం గుర్తు చూడండి’ అన్నదీ పనికిరాదు. క్రోమ్ 2018లో ఆ రంగు తీసేసింది, 2023 సెప్టెంబర్‌లో ఆ తాళం బదులు వేరే గుర్తు పెట్టింది. పైగా నకిలీ సైటుకు కూడా సక్రమమైన సర్టిఫికెట్ దొరుకుతుంది, కాబట్టి చూడవలసినది చిరునామాలోని పూర్తి పేరు. సూచనల పేజీలో సైటు అసలు చిరునామా, కంప్యూటర్ తేదీ చూసుకొమ్మనడం, వేరే బ్రౌజర్‌లోనూ మొబైల్ డేటా మీదా ప్రయత్నించమనడం, అన్ని చోట్లా ఎర్రర్ వస్తే ఫలానా నంబరుకు చెప్పమనడం తెలుగులో ఉంటే చాలు. హెల్ప్‌లైన్‌లో ఫోన్ ఎత్తేవారు ఎర్రర్ పేజీలో చిన్న అక్షరాలతో ఉండే కోడ్‌ను అడిగి రాసుకోవాలి. అందులో ‘డేట్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటే గడువో గడియారమో, ‘కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్’ లేదా ‘బ్యాడ్ సర్ట్ డొమైన్’ అని ఉంటే పేరు, ‘అథారిటీ ఇన్‌వ్యాలిడ్’ లేదా ‘అన్‌నోన్ ఇష్యూయర్’ అని ఉంటే గొలుసో జారీ సంస్థో. ఈ నాలుగు ముక్కలు తెలిసినవారు ఫోన్ దగ్గర ఉంటే మా వంటివాళ్లకు గంటలు మిగులుతాయి.

కొన్ని సైట్లలో ప్రొసీడ్ అనే మాటే కనిపించదు. సురక్షిత కనెక్షన్ లేకుండా తెరవవద్దని సైటే ముందుగా బ్రౌజర్‌కు ఆదేశించి ఉంటే, సర్టిఫికెట్ చెడినప్పుడు దాటిపోయే దారిని బ్రౌజర్ మూసేస్తుంది. అది మంచి ఏర్పాటే, దాన్ని తీసేయకండి. అయితే అటువంటి సైటులో సర్టిఫికెట్ గడువు ఆదివారం రాత్రి తీరితే, సోమవారం మధ్యాహ్నం దాకా ఎవరూ దరఖాస్తు చేయలేరు. అందువల్ల చివరి కోరిక ఒకటి ఉన్నది. సర్టిఫికెట్ లోపం వల్ల సైటు తెరుచుకోని గంటలను మీ సర్వర్ రికార్డులోనూ నిఘా వ్యవస్థలోనూ నమోదు చేసి, అది దరఖాస్తుల చివరి రెండు రోజుల్లో జరిగితే, ఎవరూ వినతిపత్రం పట్టుకొని మీ కార్యాలయానికి రాకముందే గడువును అంతమేరకు పొడిగిస్తూ సైటులోనే ప్రకటన ఇవ్వండి.

ఇట్లు,
భవదీయుడు,
ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
నయీంనగర్, హనుమకొండ